ఊరికే ఎవరొస్తరు

పరకాల దాటినంక బస్సు సగం ఖాళీ.
భూపాలపల్లి దగ్గర బొగ్గు లారీ వెనక నలభై నిమిషాలు,
ఆ తర్వాత టేకు చెట్లు, మళ్ళీ టేకు చెట్లు,
మహాదేవపూర్‌లో దసలి పట్టు అమ్మే దుకాణం,
దాని అరుగు మీద నిద్రపోతున్న మేక.
కండక్టర్ నా చేతుల దిక్కు చూశాడు,
ఎర్రగుడ్డ కట్టిన ముంత ఉందేమోనని.
"సంచిల పెట్టుకున్నరా?" అన్నాడు మెల్లగా.
సంచిలో రెండు చొక్కాలు, టార్చిలైటు,
సగం కొరికిన జామకాయ.

కాళేశ్వరంలో దిగేసరికి చొక్కా వీపుకు అంటుకుంది.
గాలి కూడా ఎవరో ఉడకబెట్టి వదిలినట్టుంది.
లాడ్జి రాజబాపు రిజిస్టరు తిప్పి
పేరు రాశాడు, ఊరు రాశాడు,
మూడో గడిలో నన్నడగకుండానే రాశాడు:
అస్థికలు.
పైన పేజీ అంతా అదే మాట,
ఒకదాని కింద ఒకటి, ఎక్కం అప్పజెప్పినట్టు.
"ఊరికే చూసిపోదామని వచ్చిన."
"ఊరికే ఎవరొస్తరు సార్" అన్నాడు,
జ్వరమొచ్చిన పిల్లగాణ్ణి బుదరకిచ్చినట్టు.

ఒకే పానవట్టం మీద యముడూ శివుడూ
రెండు సీట్ల బెంచీలో సర్దుకున్న ఊరు ఇది.
ఇక్కడ నా మాట ఎవరు నమ్ముతారు?

ఘాటు మెట్ల మీద మంగలి ఓదెలు
నా జుట్టును దూరం నుంచే కొలిచాడు.
"అయ్యనా, అవ్వనా?"
"ఎవరూ కాదు."
"అయితే గడ్డమన్న గీయించుకోండ్రి,
పొద్దటి సంది బోణీ లేదు."
చెంపల మీద నది నీళ్ళు. మొద్దుబారిన కత్తి.
పక్కన ముగ్గురు అన్నదమ్ములు గుండ్లతో
ఒకరి తల ఒకరు తడుముకుని నవ్వుతున్నారు.

చాయ్ గ్లాసు నోటికెత్తకముందే పోసక్క అడిగింది,
"ఏడ్శినవా బిడ్డా?
ఏడ్వకుంటే కడుపుల గడ్డ కడ్తది.
ఆ చివరి మెట్టు కాడ ఎవ్వలు సూడరు.
నేను సూశినా చెప్ప."
రెండో చాయ్‌కి పైసలు తీసుకోలేదు.
అప్పటికి నాలో కాదనే ఓపిక అయిపోయింది.

బానయ్య పడవ ఎక్కాను.
"వంతెన పడ్డంక సిరొంచకు ఎవ్వలు రారు సార్.
గిరాకంతా నడిమి దాకనే."
నడిమి దాకా తీసుకుపోయి గెడ ఆపాడు.
ఒక పక్క మట్టిరంగు నీళ్ళు, ఒక పక్క పాచిరంగు.
ఏది గోదావరో ఏది ప్రాణహితో చెప్పాడు,
ఒడ్డుకొచ్చేసరికి మరిచిపోయాను.
రెండూ అంచు కలుపుకోకుండా కొంత దూరం
ఎడముఖం పెడముఖంగా నడిచాయి.

బానయ్య వీపు తిప్పి కూర్చున్నాడు,
నా కోసం.
అవతలి రాష్ట్రం సిగ్నలు దొరికి
జేబులో ఫోను సిగ్గులేకుండా మోగింది.
వదలడానికి నా దగ్గర ఏమీ లేదు.
జామకాయ తీసి వదిలాను.
మునగలేదది. కొరికిన వైపు పైకి పెట్టి తేలింది.
"అయిందా?"
"అయింది."

ఎవరని అడిగుంటే చెప్పేవాణ్ణేమో,
సదయ్య అని.
హనుమకొండలో ఏడేళ్ళు ఒకే గది, ఒకే బకెట్టు.
ఒకనాడు తాళంచెవి తలుపు కింద తోసి పోయాడు.
బతికే ఉన్నాడు. ములుగు దారిలో
పెట్రోలు బంకులో లెక్కలు రాస్తాడట.
ఆ దారిన పోయినప్పుడల్లా
నేను కిటికీ అవతలి వైపు కూర్చుంటాను.
బానయ్య అడగలేదు.
గెడ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

తెల్లారి రాజబాపు వేడినీళ్ళకు డబ్బులు కలపలేదు.
"మనసు నిమ్మళమైందా?" అంటే తలూపాను,
అబద్ధమాడుతున్నానో లేదో నాకే తెలియలేదు.

బస్సు మలుపు తిరిగి ఆగింది.
ఎర్రగుడ్డ ముంతతో ఒక ముసలాయన దిగాడు,
వెనకాల మనవరాలు, చేతిలో కుర్‌కురే ప్యాకెట్టు.
వాళ్ళ వెనక ఒకతను వట్టి చేతులతో దిగి
నది ఏ వైపో తెలియక అటూ ఇటూ చూశాడు.
ఊరికే వచ్చిన అంటున్నాడు ఆటోవాడితో.

నేను నమ్మలేదు.