ఉన్ని ఎంచే చేతులు

అరెకీపాలో తెల్లరాతి గోదాము.
కిటికీ పక్కన అల్పాకా ఉన్ని గుట్టలు.
దోన్యా సబీనా చూపు ఎటో ఉండేది,
మిస్తీ కొండ వైపో, గోడ గడియారం వైపో.
చూడటం ఆమె చేతుల పని.

బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ
ఒక్కసారి నలిపితే చాలు:
ఇది పిల్లదాని మొదటి కత్తిరింపు.
ఇది ముసలిదాని మెడ.
ఇది కరువేడు పెరిగింది, నడిమికి తెగుతుంది.
విసిరితే పడాల్సిన బుట్టలోనే పడేది.
ఐదు బుట్టలు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు.
మిషను పెట్టి కొలిచేవాళ్ళు
సాయంత్రానికి ఆమె మాటే
అంకెల్లోకి తిప్పి చెప్పేవాళ్ళు.

నేను చేరిన రోజు నా పిడికిలి విప్పి అంది:
"గట్టిగా పట్టుకుంటే ఏమీ చెప్పదు, నిల్డా.
వదులుగా ఉండు. అదే వచ్చి చెబుతుంది."

తర్వాత పేగులో గడ్డ.
పన్నెండు విడతల మందు.
గడ్డ పోయింది.
మందు మాత్రం పోతూ పోతూ
వేళ్ళ కొసల్ని మూటగట్టుకు పోయింది.

"పొడుగాటి నరాలే ముందు దెబ్బతింటాయి," అన్నాడు డాక్టరు.
మెట్ల చేలల్లో పెరిగిన మనిషికి
అంతకంటే వివరించక్కర్లేదు.
కాలువ ఎండితే
మొదట ఎండేది ఎవరి మడో ఆమెకు తెలుసు.

"కళ్ళు మూసుకోండి. తగిలినప్పుడల్లా చెప్పండి."
నైలాను పోగు ఒకటి తీశాడు.
చూపుడువేలి మీద ఆనించాడు. పోగు వంగింది.
ఉంగరపు వేలు. వంగింది.
చిటికెన వేలు.
పది వేళ్ళూ అయిపోయాయి.
కళ్ళు మూసుకునే, మర్యాదగా, అడిగింది:
"ఎప్పుడు మొదలుపెడతారు?"

స్పర్శ పోవడమంటే
ఖాళీ అనుకున్నాను నేను.
కాదట.
రోజంతా చేతులకి తొడుగులున్నట్టే ఉంటుందట,
"అది కూడా ఐదో బుట్ట ఉన్నితో అల్లినవి," అని నవ్వింది.
పొద్దున్నే కుళాయి తిప్పితే
నీళ్ళకు బదులు గాజుపెంకులు.
జేబులో చెయ్యి పెడితే
చిల్లరకీ తాళంచెవికీ తేడా లేదు,
అన్నీ బయటకి తీసి కళ్ళతో ఏరుకోవాలి.
కాలిన సంగతి
ముక్కు చెప్పాకే తెలుస్తుంది.

అయినా పనిలోకి వచ్చింది.
మొదటి వారమంతా
ఆమె అటు తిరిగినప్పుడు
మూడో బుట్టలోంచి ఒకటోదానిలోకి
ఒకటోదానిలోంచి నాలుగోదానిలోకి
దొంగలా మార్చాను.
గమనించిందో లేదో.
శనివారం నా టీకి తనే డబ్బులిచ్చింది.

ఒకరోజు ఉన్ని పాయ తీసి
పైపెదవి మీద మెల్లగా జార్చుకుంది.
ఆ ముఖం!
చాన్నాళ్ళకి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.
"ఇక్కడికి దారి దగ్గర కదా,
ఇక్కడింకా నీళ్ళున్నాయి."
ఆ రోజు ఒక్క పాయ తప్పలేదు.
అవతలి బల్ల ఆడవాళ్ళు
ముద్దులు లెక్కపెట్టి పకపకలాడారు, ఆమె కూడా.

సోమవారం కొత్త మేనేజరు:
ధూళి మంచిది కాదు, మాస్కు తప్పనిసరి.
అతని తప్పూ లేదు. ధూళి నిజమే.

ఇప్పుడు నా పక్కన స్టూలు వేసుకు కూర్చుంటుంది.
నా వేళ్ళు ఉన్నిలో ఉంటే నా ముఖంలోకి చూస్తుంది.
"ఎలా ఉంది?"
మెత్తగా, అంటాను.
"అది మాట కాదు. ఎలాంటి మెత్తన?"
వెతుకుతాను.
చల్లారిన బూడిదలా.
"తడి ఉందా బూడిదకి?"
కొంచెం.
"అయితే రెండో బుట్ట."
ముప్ఫయ్యొక్క ఏళ్ళు నోటితో పనిలేనిదానికి
ఇద్దరం ఇప్పుడు మాటలు కడుతున్నాం.

ఒక్కోసారి చెప్పలేక ఆగిపోతాను.
అప్పుడు నా మణికట్టు పట్టుకుని
ఉన్నిలోకి తనే నడిపిస్తుంది.
ఎంత బిగించిందో ఆమెకు తెలియదు.
గుర్తులు పడతాయి, ఐదు,
సాయంత్రం దాకా ఎర్రగా.

నేను చెప్పను.
చెయ్యి వదులుగా ఉంచుతాను.