పదకొండో ప్రశ్న

ఫర్వానియాలో ఆసుపత్రి లాండ్రీ వెనక
దుప్పట్ల ఆవిరి ఒంటికి అంటుకుంటుంటే
ఓబుళమ్మ ముందు నా ప్రశ్నపత్రం పరిచాను.
పదకొండో ప్రశ్న:
మీకు చివరిసారి ప్రమోషన్ ఎప్పుడొచ్చింది?

నవ్వింది. "సూపర్వైజరై పద్నాలుగేండ్లాయ మేడం.
నేను పని నేర్పిన పిల్లోళ్లు ముగ్గురు
నాకే మేనేజర్లయిరి.
ఇప్పుడుండేటోడు మంచోడే, అక్కా అంటాడు."

డ్యూటీ చార్టు ఆమె రాత. కింద సంతకం అతనిది.
ఎవరికి జ్వరం, ఎవరి అకామా అయిపోతోంది,
ఏ మిషను ఏ పూట మొరాయిస్తుంది,
అడగాల్సింది ఆమెనే.
నా ఫారంలో నిర్ణయాధికారం పక్కన
రెండే గడులు: ఉంది, లేదు.
పెన్ను ఆ రెంటి మధ్య గీత మీద నిలబడిపోయింది.

"లేదని రాసుకో. జీతమే చెప్తాంది గదా."

లేచేటప్పుడు గొంతు తగ్గించింది:
"తెల్లారి నాలుక్కి కేబిను తాళం తీసేది నేనే.
చార్టు ఆ కుర్చీలో కూచోనే రాస్తా.
కాళ్లు నేలకు ఆనవని కిందికి దించుకుంటా.
మళ్లీ ఎత్తను."

ఎనిమిదింటికి అతనొస్తాడు,
మీట నొక్కి కుర్చీ పైకి లేపుకుంటాడు.
ముగ్గురిలో ఒక్కడూ
ఎవరు దించారని అడగలేదట.