నూట నలభై రూపాయల సీసా

గోళ్ళరంగు. ముదురు నేరేడు రంగు.
కౌంటర్లో పెరుగు పాకెట్టుకి డబ్బిచ్చేను,
సీసా మాత్రం గుప్పిట్లోనే ఉండిపోయింది.
ఎందుకు తీసేవంటే
ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.
లేనిదాన్నీ కాను: రెండు కుట్టుమిషన్లు, ఒక పనిపిల్ల.

పర్లాకిమిడి ఠాణాలో పెద్దబాబు
సీసాని వెలుతురుకెత్తి చూసి నవ్వేడు.
అయిదు వేల లోపు సరుకట,
మెజిస్ట్రేటు మాట లేందే ముట్టుకోడానికి లేదట.
"ఇంటికెళ్ళమ్మా" అన్నాడు.
అప్పుడేసింది భయం.
షాపువాళ్ళు తీసిన ఫోటో
నాకన్నా ముందే మా వీధికి చేరిపోయింది.

సమను ఒడియాలో వచ్చింది.
వరసగా గొడుగులు పట్టుకున్న అక్షరాలు,
ఒక్క గొడుగు కిందా నాకు చోటు లేదు.
మా ఆయన చదివిపెట్టి
కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.
అదే పాతపట్నంలో తీసుంటే
తెలుగులో దొంగనయ్యేదాన్ని.
ఆటోకి ఇరవై రూపాయల దూరం. సెక్షను ఒకటే.

వకీలు ఫీజు మూడు వేలు.
ఇరవై ఒక్క సీసాలొస్తాయి, ఇంకా చిల్లర మిగులుతుంది.

జడ్జమ్మ చిన్నది, జలుబుతో ఉంది.
ఆవిడన్నది గుమస్తా తెలుగు చేసేడు:
సరుకు తిరిగిచ్చేసింది, ఇదే మొదటిసారి,
జైలు లేదు, సమాజసేవ.
పెద్దాసుపత్రిలో ఏడు రోజులు ఊడవాలి.
"చోరీ" అన్న మాటని మాత్రం
అలాగే వదిలేసేడు.
దానికి ఇటూ అటూ ఒకటే ఉచ్చారణ.

ఓపీ గది తెల్లారకముందే దగ్గుతుంది.
ఊడిన దూది, నలిపేసిన చీటీలు, గుట్కా కవర్లు.
మా ఇంటికన్నా శుభ్రంగా ఊడ్చేను.
ఇంట్లో ఊడవడానికీ ఏం లేదు,
ఈ నెల ఒక్క జాకెట్టు గుడ్డా రాలేదు,
కత్తిరింపు ముక్కలు పడలేదు,
పనిపిల్లని వాళ్ళమ్మ మానిపించేసింది.

ఏడోనాడు సిస్టర్ రాహేలు శబర
పుస్తకంలో సంతకం పెట్టి
వచ్చీరాని తెలుగులో అంది:
"మనిషి దొరకట్లేదు, రేపట్నుంచి జీతానికి వస్తావా?"
శిక్షకి కూడా కొనసాగింపు ఉంటుందని
నవ్వుకుంటూ కూర్చున్నాను.
ఆవిడ గళ్ళు చదువుతోంది, నేను నింపుతున్నాను.
పేరు: సనపల దమయంతి.
వయసు: నలభై నాలుగు.
అనుభవం: వారం.
ఆరో గడి. ఇదివరకు ఏ నేరంలోనైనా
శిక్ష పడిందా?

పెన్ను ఆగింది.
పెన్ను సిస్టరుది.
మూత పెట్టి
తిరిగిచ్చేసేను.