మూడుసార్లు పది

నారాయణపేట సర్కారు దవాఖానల
మెట్ల కింది గది నాది.
గోడకు ఒక బొమ్మ: నీలం బంతి మీద
బిగుతు బట్టల తెల్లామె,
చెమట లేని ముఖం.
సాబమ్మ దాన్ని శానసేపు చూసి అడిగింది,
"ఈమెకు ఏం నొస్తుంది సారూ?"

నాకు జవాబు రాలే.

సాబమ్మకు కుడి భుజం నొస్తుంది.
ముప్పై ఏండ్లు గుంత మగ్గంల కూసొని
నాడె తాడు గుంజి గుంజి
దువ్వెన పడితే తల దాకా రాని చెయ్యి.
చీటీ రాసిచ్చిన: మూడుసార్లు, సారికి పది.
వారానికి మల్లొచ్చింది,
చీటీ మడత కూడ విప్పలే.
"పదులు యాదికుండవు సారూ,
పోగులంటే చెప్పు, ఎన్నైనా లెక్కవెడ్త."

తెల్లారి ఆమె మగ్గం కాడికే పోయిన.
అంచు మీద ఐదు గోపురాలు లేసినప్పుడల్లా
నువ్వు కూడ లే, అన్న.
గోడకు వేళ్లు ఆనించి
సాలెపురుగు లెక్క పైకి పాకించు.
నొప్పి మొదలైన కాడ ఆగు,
ఇటుకపెళ్లతోటి గీత గియ్యి.
రేపు ఆ గీత మీద ఒక్క వేలు. అంతే.

పుస్తకంల రబ్బరు పట్టీ అని ఉంటది.
పంక్చర్ల ఖాజా మియా
పాత సైకిల్ ట్యూబు నిలువున కోసిచ్చిండు.
పైసలు ముట్టలే,
"నా మోకాలుకేమన్న చెప్పు" అన్నడు.

కిరాణం రాచప్పకు షుగరు.
ఎంత జోరుగ నడవాలె అంటడు.
గుండె వేగం, నూటికింత, అని చదువుకున్న నేను.
ఆయనకు గడియారం లేదు, నాది నడుస్తలేదు.
"నడుసుకుంటనే పక్కనోనికి
ఉద్దెర బాకీలన్నీ చెప్పగలగాలె,
పాట మాత్రం పాడరావద్దు."
"నాకు కూసున్నా పాట రాదు" అని
ముఖం గంటు వెట్టుకున్నడు.
అయినా ఎర్రగుట్ట దాక పోయొస్తుండు,
బాకీలు కూడ కొన్ని వసూలైనయంట.

మొగులప్ప మాత్రం కుర్సీల కూసోలే.
"నలభై ఏండ్లు పుణెల, బొంబాయిల
తట్టలు మోసిన.
ఇప్పుడు నాతోటి కసరత్తు చేపిస్తవా?"
గదిల పంకా చప్పుడొక్కటే.
ఆ బంతి మీదామె దిక్కు
చూడ బుద్ధి కాలే నాకు.

శానసేపటికి అన్న:
ఆడ ఎత్తుమన్నదీ దించుమన్నదీ మేస్త్రి.
ఈడ దించుడు నీ ఇష్టం.
ఈ కుర్సీలకెళ్లి చేతులు ఆనకుండ లే,
మెల్లగ కూసో. సాలనిపిస్తే సాలు.
ఆగుడు కూడ మందే తాతా,
కండ పనిల గట్టిపడదు, పనైనంక
నిద్రల గట్టిపడతది.

"నిద్ర పోనిచ్చిండెవడు?" అన్నడు.
నవ్విండో దగ్గిండో తెల్వదు.
కుర్సీ అంచు పట్టి చూసిండు, ఊగుతదేమోనని.
ఐదుసార్లు లేసిండు.
ఆరోసారి తొడలు వణికినయి,
కూసొని, "సాలు" అన్నడు,
పక్కనున్నోళ్లందరికీ ఇనబడేటట్టు.

మొన్న మల్ల సాబమ్మ ఇంటికి పోయిన.
గోడ మీద గీతలు
క్యాలెండరు మేకు దాక ఎక్కినయి.
నడుమ ఒక కాడ రెండు వారాలు గీత లేదు.
పెండ్లిళ్ల చీరెలు, ఐదు గోపురాలకు
లేసే తీరిక ఉండకపాయె అన్నది.
ఆ తర్వాతి గీత
పాతదానికి జానెడు కింద నుంచి మొదలైంది.
నేను ఏమన్లే.
ఆమె మగ్గం గుంతలకెళ్లి కాళ్లు బయటికి తీసి
గోడ కాడికి నడిసింది,
ఇటుకపెళ్ల యాడ పెట్టిన్నో అని
ఎడమ చేత్తోటి ఎతుక్కుంట,
కుడి చేత్తోటి
జారుతున్న కొప్పు సర్దుకుంట.