వెనకాల వ్యాను

ఈ ప్రయాణాన్ని నేను వెనకనుంచే చూశాను.
ముప్పై ఏడు బైకుల తర్వాత నా వ్యాను.
రెంచీలు, చెయిన్లు, పంక్చరు జిగురు,
దోమల మందు రెండు డబ్బాలు,
ఎవరూ అడగని ఒక గొడుగు.
ఎవరు ఆగితే వాళ్ళ దగ్గర ఆగడం నా పని.

లెక్క ఇలా ఉంటుంది:
కిలోమీటరుకి ఇంతని జనం ముందే రాసిస్తారు.
రొట్టెల కొట్టు ఐలి పది సెంట్లు రాసింది.
చేపలకు పొగబెట్టే ఉర్హో
ఒక యూరో రాసి, కొట్టేసి, భార్య చూపు చూసి
మళ్ళీ రాశాడు.
అంతా కూడితే నలభై కిలోమీటర్లకు ఒక మంచం.
మడత మంచం. కుఓపియో ఆసుపత్రిలో, పిల్లల వార్డులో,
పిల్ల పక్కన తల్లో తండ్రో నడుము వాల్చడానికి.

మంచాన్ని దూరంతో కొలుస్తారని
అప్పటిదాకా నాకు తెలీదు.

యోఎన్సూ దాటాక అడవి మొదలైంది.
మొదలైంది అనడం తప్పు.
ఊరు అయిపోయింది, అంతే. అడవి ముందునుంచీ ఉంది.
స్ప్రూస్, బర్చ్, మళ్ళీ స్ప్రూస్,
వాటి సందుల్లో సరస్సు
దొంగాట ఆడే పిల్లలా
కనబడి, దాక్కుని, ఇంకో మలుపులో కనబడి.
ఈ దేశంలో నేలని
నీళ్ళు అప్పిచ్చినట్టుంటుంది,
ఎప్పుడైనా తిరిగి అడుగుతాయన్నట్టు.

వరుసలో ఆఖరిది హిల్క. డెబ్బై ఒకటి.
మొగుడి పాత బైకు, దానికి కుడిపక్క తొట్టి.
"ముప్పై ఏళ్ళు ఈ తొట్టిలో కూర్చున్నాను," అంది,
"లోకానికి ఎడమవైపు కూడా ఉందని
అరవై ఎనిమిదో ఏట తెలిసింది."
ఇప్పుడు ఆ తొట్టిలో పాల క్యాను,
దార్లో ఎవరు చిల్లరేసినా గలగలమంటుంది.
గతుకు వచ్చిందని నాకు ముందు చెప్పేది అదే.

ఇలొమాంత్సి దారిలో మూస్ ఒకటి,
గుర్రాన్ని మించిన దుప్పి,
రోడ్డు మధ్యకొచ్చి నిలబడింది.
ముప్పై ఏడు ఇంజన్లు
ఒకదాని తర్వాత ఒకటి నోరు మూసుకున్నాయి.
దానికి తొందర లేదు.
మాకూ లేకుండా చేసి వెళ్ళింది.

రేవు దగ్గర గొడవొచ్చింది.
బల్లకట్టు మీద పోయే ఎనిమిది వందల మీటర్లు
లెక్కలో వెయ్యాలా వద్దా?
"చక్రం తిరగలేదు, కుదరదు," అన్నాడు కోశాధికారి పెంట్టి,
బ్యాంకులో రిటైరైనవాడు.
"బండి కదిలిందిగా," అన్నారు కుర్రాళ్ళు.
నీళ్ళ మధ్య, దోమల మధ్య, అర్ధరాత్రి ఎండలో
పెద్దమనుషులు పైసల గురించి అరుచుకుంటుంటే
బల్లకట్టు నడిపే ఓస్మో తన గదిలోంచి దిగి,
బళ్ళన్నీ వేలుపెట్టి లెక్కపెట్టి,
పాల క్యానులో బండికో నాణెం వేశాడు.
ఒక్కొక్కటీ పడే దాకా ఆగి ఇంకోటి.

"ముప్పై ఎనిమిది," అన్నాడు.
"ముప్పై ఏడే," అన్నాడు పెంట్టి.
ఓస్మో గడ్డంతో నా వ్యాను చూపించాడు.

ఎవరూ మాట్లాడలేదు.
"మంచం కాళ్ళకి రబ్బరు తొడుగులొస్తాయిలే," అంది హిల్క.

అవతలి ఒడ్డున ఆమె క్లచ్ కేబుల్ తెగింది.
మోకాళ్ళ మీద కూర్చుని మారుస్తున్నాను.
నీకు బైకు లేదా అని అడిగింది. ఉంది.
మరి వెనకెందుకు?

చెప్పాను. పంతొమ్మిదేళ్ళ కిందట ఆ వార్డులోనే
పదకొండు రాత్రులు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను.
అమ్మాయికేం, బాగుంది.
రొవానియెమి వైపు కలప లారీ తోలుతోంది,
ఫోన్ చేస్తే నన్నే కసురుతుంది.
నా నడుమే ఇంకా ఆ కుర్చీలోంచి లేవలేదు.
బైకు మీద గంట దాటితే పిడి పట్టేస్తుంది.

హిల్క నవ్వలేదు, జాలీ పడలేదు.
టార్చి కాస్త దగ్గరగా పట్టుకుంది,
అవసరం లేకపోయినా. అంత వెలుతురుంది.

మర్నాడు సాయంత్రం పెంట్టి కాగితం చదివాడు:
అయిదువందల యాభై కిలోమీటర్లు.
పదమూడు మంచాలు,
పద్నాలుగోదానికి మూడు కాళ్ళు.

అందరూ కాఫీల దగ్గర ఉండగా
నేను వ్యానెక్కాను.
పది కిలోమీటర్లు, ఎటైనా ఒకటే.
అద్దంలో చూస్తే
వెనకాల ఒక్క దీపం,
గలగలమంటూ.