తప్పొప్పుల పట్టిక

పత్రిక మూతపడ్డాక
పంతొమ్మిదేళ్లు ప్రూఫులు దిద్దిన చేతికి
నానక్‌రాంగూడలో, ఏడో అంతస్తులో,
కిటికీలు తెరుచుకోని గదిలో పని దొరికింది.
శత్రువు రాసిన తెలుగు చదవాలి.
తప్పులు దిద్దొద్దు,
పట్టుకోవాలి.

మొదటి వారమే దొరికాడు.
"చెరువు జలములో విషము కలిపినారు, మీ పిళ్లలకు త్రాగించవద్దు."
మూసారాంబాగ్‌లో జలము అని ఎవరంటారయ్యా?
నల్లా బందయిందంటారు, నీళ్లు ఖరాబున్నయంటారు.
పైగా పిల్లల నెత్తిన ఆ ళ ఒకటి.
ఎర్ర సిరాతో సున్నా చుట్టి పైకి పంపాను.
ఆ ఒక్క అక్షరం వెంటబడి మావాళ్లు
మూడు సముద్రాల అవతల ఏదో సర్వరు దాకా వెళ్లారట.
తర్వాతేమైందో నాకెవరూ చెప్పలేదు.

ఇంటికొస్తే అమ్మ
బిందెలు, బకెట్లు, పిడి ఊడిన కుక్కరు,
అటక మీది గంగాళం కూడా దించి నింపుకుని కూర్చుంది.
"అబద్ధమే అమ్మా, నేనే పట్టుకున్న."
"నీకేమెరుక? నాలుగు గ్రూపులల్ల వచ్చింది."
ఎనిమిది రోజులు నిలవ నీళ్లే తాగాం.
తొమ్మిదో పొద్దున గంగాళంలో
సన్నగా, తెల్లగా ఏవో కదిలాయి.

పోను పోను చేతిరాతలు తెలిసొచ్చాయి.
ఒక దేశం గింజలు చల్లినట్టు అబద్ధాలు చల్లుతుంది,
వెయ్యింటిలో ఒకటి మొలవదా అని.
ఇంకోటి అబద్ధమే ఆడదు.
మన నిజాన్నే దొంగిలించి, దాచి, మగ్గబెట్టి
ఓట్ల ముందురోజు తలుపు కిందనుంచి లోపలికి తోస్తుంది.
మరోటి నోరే విప్పదు.
సబ్‌స్టేషన్ కంప్యూటర్లో మూడేళ్లుగా
ఊపిరి బిగబట్టి కూర్చుంది.
దానికి కరెంటు తీసే తొందరేం లేదు,
తీయగలదని మనకు తెలిస్తే చాలు.

మరి మనం?
అడగకూడదన్నారు.

గాజు తలుపు అవతల ముబీన్ కూర్చుంటాడు,
యాకుత్‌పురా పిల్లాడు, ఐదు భాషలొచ్చు.
ఓ రాత్రి నా బల్ల దగ్గరికొచ్చి
"అక్కా, చీకట్ల పసిపిల్ల ఏడుస్తే
అమ్మలు ఏమని ఊకుంచుతరు?" అన్నాడు.
"ఏ ఊరి అమ్మలు?"
ముబీన్ తన చేతిలో ఖాళీ కప్పులోకి చూశాడు.
నా నాలిక మీదికి అమ్మ మాట ఒకటి వచ్చింది.
మింగేశాను.
"యాదికొస్తలేదు" అన్నాను.
తెలిసి తెలిసి నేను వదిలిన మొదటి తప్పు అదే.

పోయిన మంగళారం ఒకటొచ్చింది.
"అక్కా, బ్యాంకులల్ల పైసలు ఆగమైతయంట,
పొద్దుగాలనే పోయి తీస్కోండ్రి, మీ ఇష్టం మల్ల."
రెండు గంటలు చూశాను,
పెన్ను మూత తీసి పెట్టుకుని.
పొద్దుగాల ఉండాల్సిన చోటే ఉంది.
ఆ చివరి "మీ ఇష్టం మల్ల" ఉంది చూశారూ,
మా అమ్మ కూడా అంత సొంపుగా భయపెట్టలేదు.

యంత్రం రాసిందన్నారు.
దానికెవరు నేర్పారు?
మా పత్రిక పాత సంచికలు,
ఆదివారం యాస పేజీతో సహా,
ఎవరో కొని, స్కాన్ చేసి, ఎక్కడికో పంపేశారని విన్నాను.
వాటిలో ల దగ్గర ల, ళ దగ్గర ళ
నిద్రకాచి కూర్చోబెట్టింది నేనే.

రిపోర్టులో రాశాను:
తప్పులు లేవు.

అక్కడా ఒకామె ఉంటుంది.
తెరుచుకోని కిటికీ, చల్లారిన చాయ్,
ముబీన్ వాక్యం మీద వంగిన కళ్లద్దాలు.
వాళ్లమ్మ ఇంట్లో బకెట్లు నింపుకుంటూ ఉంటుంది.
రేపు ముబీన్‌కి చెబుదామనుకుంటున్నా,
వాళ్ల లిపిలోనూ ళ లాంటిదేదో ఉండకపోదు,
ఒక్క చోట తప్పు వేసి పంపమని.
పాపం, ఆమెకి
ఏదో ఒకటి దొరకాలి కదా.