విజిల్ విని కూర చెప్పండి

బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు మలుపు.
తలుపంత వెడల్పు కొట్టు.
లోపల నేను, నా స్టూలు,
మూతలూడిన ముప్పై కుక్కర్లు.
"నాగుల్ మీరా, స్టవ్వులు కుక్కర్లు బాగు చేయబడును"
అని రాయించిన బోర్డులో
"బాగు" ఎండకి ఎప్పుడో ఎగిరిపోయింది.
"చేయబడును" మాత్రం మిగిలింది.

మా నసీమా బీకాం రెండో ఏడు.
"అబ్బా, బోర్డులెవరు చూస్తారు, అందరి తలలూ ఫోన్లోనే" అంది.
మా ఇంట్లో అబ్బా అంటే నాన్న.
వీడియోలో విన్నవాళ్లు
పిల్లకి నా మీద విసుగనుకున్నారు.

నాకొచ్చిన విద్యలు రెండు:
గాస్కెట్టు మార్చడం, నోటితో కుక్కరు విజిలెయ్యడం.
కందిపప్పుది బొంగురు.
మటనుది ఆగి ఆగి, బరువుగా.
ఆలుగడ్డది తొందర, పిల్లల బడి టైమైన ఇంటిది.
నీళ్లింకిపోయినా ఎవరూ పట్టించుకోని కుక్కరు ఏడుపు వేరు.
"విజిల్ విని కూర చెప్పండి" అని ఆట కట్టింది నసీమా.
సరిగ్గా చెబితే గాస్కెట్టు సగం ధర.

నలభై వేలమంది చూశారు.
మస్కట్ నుంచి ఒకాయన "పప్పుచారు" అని రాశాడు.
సగం ధర గాస్కెట్టు కోసం ఆయన విమానం ఎక్కలేదు గానీ
కొరిటెపాడు నుంచి వచ్చారు, లక్ష్మీపురం నుంచి వచ్చారు,
ఆటోలో నాలుగు కుక్కర్లేసుకుని సంగడిగుంట నుంచి వచ్చారు.
ముందు విజిలెయ్యమనేవారు,
ఆ తర్వాతే సంచీ విప్పేవారు.
టీకొట్టు సైదులు నాకు గ్లాసు కడిగి మరీ ఇవ్వసాగాడు.

నవ్వుకి ఆకలెక్కువ, రోజూ మేతెయ్యాలి.
ఒక మంగళవారం ఏమీ తోచక
సేఫ్టీ వాల్వు చేత్తో పట్టుకుని అన్నాను:
"ఇది పోయిందా? నా దాకా ఎందుకు,
చింతపండు ఉండ నొక్కండి,
పులుసుకి పులుసు, పనికి పని!"
కన్ను కూడా కొట్టాను.
అంత చిన్న తెరలో కన్ను కొడితే కనపడదని
నాకేం తెలుసు.
రెండు లక్షలు.

వారానికి ఫిరంగిపురం బస్సు దిగి
శౌరమ్మ వచ్చింది.
మూత వంకర. మణికట్టు నిండా తెల్లటి మందు.
"పైకప్పుకి ఇంకా పప్పుందయ్యా" అని నవ్వింది.
ఆవిడే నవ్వింది.
"మీరే కదా చెప్పారు."

కొత్త వాల్వు బిగించాను. డబ్బులొద్దన్నాను.
నలభై రూపాయలు స్టూలు మీద పెట్టి
బస్సు టైమైందని వెళ్లిపోయింది.

ఆ రాత్రి పాతది తీయించేశాను.
కొత్తదానికి పాట లేదు, విజిల్ లేదు.
అరచేతిలో వాల్వు, అంతే.
"దీని ఖరీదు నలభై. ఇది పోతే ఇంకేదీ పెట్టకండి.
ఆవేళ నేనన్నది తప్పు. ఒకరి చెయ్యి కాలింది."
మూడొందల పద్దెనిమిది మంది చూశారు.
"నవ్వు రాలేదు బాబాయ్" అన్నాడొకడు.

తెల్లారి షట్టరెత్తేసరికి
మెట్ల మీద ముగ్గురు.
ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.
మూతల్ని తువ్వాళ్లలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు,
తప్పు చేసిన పిల్లల్లా.
విప్పాను.
మూడింట్లోనూ చింతపండే.

పిన్నీసుతో గీకుతూ కూర్చున్నాను.
రెండోదాంట్లో గింజ కూడా ఉంది.
నసీమా ఫోను తీసి నా చేతులకేసి పెట్టింది,
ఎందుకో దించేసింది.
"అబ్బా" అంది.
ఏ అబ్బో నేనూ అడగలేదు.